1895లో పెరటి మురుగు గొట్టం పగిలితే ఇంటి యజమాని మీద కేసు నిలిచేదా?

కథారచయిత్రి

1895లో, ఇంగ్లండులోని లంకాషైర్‌లో ఒక మిల్లు పట్టణంలో జరిగే నవలిక రాస్తున్నాను. ఆనుకుని కట్టిన నాలుగిళ్ల వరస, నాలుగూ ఒకే యజమానివి, ఎవరి పెరడు వాళ్లదే. పెరళ్ల కింద ఒకే గొట్టం నాలుగిళ్ల మురుగునీ తీసుకెళ్లి వీధి కింది పెద్ద కాలువలో కలుపుతుంది. అది పగిలి పెరట్లో మురుగు ఊరుతోంది, ఒక ఇంట్లో పిల్లవాడికి టైఫాయిడ్ వచ్చింది. అద్దెకున్నవాళ్లు ఊరి పారిశుధ్యం చూసే లోకల్ బోర్డుకి ఫిర్యాదు చేస్తారు, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు, చివరికి కోర్టు యజమానికి జరిమానా వేస్తుంది.

ఫిర్యాదు నుంచి జరిమానా దాకా ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు? జరిమానా ఎంత ఉండేది? 1848 నాటికే ప్రజారోగ్య చట్టం ఉంది కదా, అందరూ 1875 చట్టం గురించే ఎందుకు మాట్లాడతారు?

సెక్షన్_94

ముందు ఒక చిన్న దిద్దుబాటు. 1894 స్థానిక ప్రభుత్వ చట్టం తర్వాత లోకల్ బోర్డు అనే పేరు పోయింది. మీ ఊరికి బరో హోదా ఉంటే టౌన్ కౌన్సిల్, లేకపోతే అర్బన్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ అని రాయండి.

1848 చట్టం ఊళ్ల ఇష్టానికి వదిలేసిన చట్టం. పన్ను కట్టేవాళ్లలో పదో వంతు మంది అర్జీ పెట్టుకోవాలి, లేదా ఏడేళ్ల సగటు మరణాలు వెయ్యికి 23 దాటాలి. అప్పుడే అక్కడ బోర్డు ఏర్పడేది. ఏర్పడినా ఇన్‌స్పెక్టర్ నియామకం తప్పనిసరి గానీ ఆరోగ్యాధికారి నియామకం ఐచ్ఛికం. డబ్బు ఖర్చయ్యే చోటల్లా 'చేయవచ్చు' అని రాస్తే, పన్ను పెరగకూడదని పట్టుబట్టిన సభ్యులు చేయకుండానే కాలం గడిపారు. 1866 చట్టం న్యూసెన్సులు (అంటే ఆరోగ్యానికి హాని చేసే పరిస్థితులు) వెతికి తొలగించడాన్ని విధిగా మార్చింది. 1872 చట్టం ఇంగ్లండు, వేల్సు అంతటా శానిటరీ అథారిటీలు (పారిశుధ్యం చూసే స్థానిక సంస్థలు) ఏర్పరచి, ఆరోగ్యాధికారిని తప్పనిసరి చేసింది. వీటన్నిటినీ 343 సెక్షన్లలో ఒకచోట కూర్చినదే 1875 చట్టం. లండన్‌కి మాత్రం ఇది వర్తించదు, దానికి 1891లో వేరే చట్టం వచ్చింది.

ఇక 1875 చట్టం ప్రకారం మెట్లు. ఎవరైనా రాతపూర్వకంగా అడిగితే సెక్షన్ 41 కింద సర్వేయరో ఇన్‌స్పెక్టరో ఇంట్లో ఉన్నవాళ్లకి 24 గంటల ముందు నోటీసు ఇచ్చి నేల తవ్వి చూడవచ్చు. అంతా బాగుంటే కౌన్సిలే తన ఖర్చుతో పూడ్చాలి. అందుకే ఇన్‌స్పెక్టర్లు ఊరికే గునపం తీసేవాళ్లు కాదు.

న్యూసెన్స్ ఉందని తేలితే సెక్షన్ 94 కింద నోటీసు. గడువు, చేయాల్సిన పని రెండూ అందులో ఉండాలి. మామూలుగా దానికి కారకుడైన వాడికే ఇస్తారు. లోపం కట్టడంలోనే ఉంటే మాత్రం యజమానికే ఇవ్వాలి, అద్దెకున్నవాళ్లకి కాదు. గడువు దాటితే సెక్షన్ 95 కింద సమన్లు, సెక్షన్ 96 కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఆ ఉత్తర్వుతో పాటు వేయగల జరిమానా 5 పౌన్లకు మించదు. ఉత్తర్వు వచ్చాక కూడా కదలకపోతే సెక్షన్ 98 ప్రకారం రోజుకి 10 షిల్లింగుల దాకా, మళ్లీ జరగనివ్వొద్దన్న నిషేధాన్ని తెలిసి మీరితే రోజుకి 20 షిల్లింగుల దాకా. కౌన్సిలే లోపలికి వెళ్లి పని చేయించి ఖర్చు రాబట్టుకోవచ్చు కూడా. ఆ ఖర్చు అద్దెకున్నవాళ్ల దగ్గర వసూలు చేస్తే, అప్పటికి వాళ్లు బాకీ ఉన్న అద్దెకు మించి అడగకూడదు. కట్టింది వాళ్లు అద్దెలో మినహాయించుకోవచ్చు.

టైఫాయిడ్ సంగతి: అంటువ్యాధుల్ని డాక్టరు తెలియజేయాలన్న 1889 చట్టం లండన్ బయట, దాన్ని ఆమోదించిన ఊళ్లకే వర్తించేది. మీ ఊరు ఆమోదించిందని రాస్తే, డాక్టరు పంపిన చీటీతోనే ఆరోగ్యాధికారికి విషయం తెలుస్తుంది. ప్రైవేటు కేసుకి డాక్టరుకి రెండున్నర షిల్లింగుల రుసుము.

గొట్టం_వాలు

పైన రాసిన మెట్లు సరైనవే. కానీ మీ కథలో ఆ కేసు సెక్షన్ 96 దాకా రాదు. నాలుగిళ్లకీ ఒకే గొట్టం అన్నారు, చిక్కంతా అక్కడే.

1875 చట్టం సెక్షన్ 4 చూడండి. ఒక్క భవనానికి, లేదా ఒకే ఆవరణలోని కట్టడాలకు మాత్రమే వాడే గొట్టం 'డ్రెయిన్'. అది కానిదంతా 'సీవర్'. సెక్షన్ 13 ప్రకారం సీవర్లు కౌన్సిల్ ఆస్తి, సెక్షన్ 19 ప్రకారం అవి న్యూసెన్స్ కాకుండా చూడాల్సింది కూడా కౌన్సిలే. ఎవరి పెరడు వాళ్లదైన నాలుగిళ్ల నీళ్లు మోసే గొట్టం, ప్రైవేటు స్థలంలో ఉన్నా, ఆరంగుళాలదే అయినా, రెండో ఇల్లు కలిసిన చోటు నుంచి సీవరే. 1890లలో కోర్టులు ఈ మాటనే గట్టిగా పట్టుకున్నాయి. యజమాని వకీలు లేచి "ఇది మీ సొత్తు, మీరే బాగుచేసుకోండి" అంటే కౌన్సిల్ గుమాస్తా దగ్గర జవాబుండదు.

దీనికి విరుగుడుగా 1890 సవరణ చట్టంలో సెక్షన్ 19 తెచ్చారు. ఒకే ప్రైవేటు గొట్టం మీద ఉన్న ఇళ్ల యజమానుల నుంచి ఖర్చు రాబట్టవచ్చంది. కానీ అది ఊరు ప్రత్యేకంగా ఆమోదించుకుంటేనే అమలయ్యే చట్టం. పైగా ఆ సెక్షన్‌లో 'వేర్వేరు యజమానులకు చెందిన ఇళ్లు' అని ఉంది. మీ నాలుగిళ్లూ ఒక్కడివే, కాబట్టి అతను దాని కిందకీ రాడు. చట్టం రాసినవాళ్లు చేసిన ఘోరమైన పొరపాటు ఇది. వరసంతా సొంతమున్న పెద్ద యజమాని తప్పించుకుంటాడు, ఒక్క ఇల్లున్న చిన్నవాడు దొరికిపోతాడు. లండన్‌లో ఇంత గొడవ లేదు. అక్కడి 1855 చట్టం, వెస్ట్రీ (అక్కడి స్థానిక పాలక సంఘం) ఉత్తర్వు మీద కలిపి వేసిన గొట్టాన్ని డ్రెయిన్‌గానే లెక్కించింది.

యజమానికి శిక్ష పడాల్సిందే అనుకుంటే ఒక్కో ఇంటికీ విడి గొట్టం ఇవ్వండి. లేదా నాలుగిళ్లకీ కలిపి ఒకే ఉమ్మడి పెరడు పెట్టండి. అప్పుడు 'ఒకే ఆవరణ' అన్న వాదనకైనా చోటుంటుంది.

కథారచయిత్రి

ఇది తెలిశాక కథ మొత్తం మారుతోంది. గొట్టాన్ని అలాగే ఉంచుతాను. కేసు కొట్టేశాక అద్దెకున్నవాళ్లు కౌన్సిల్ మీదే దావా వేయగలరా? ఇన్‌స్పెక్టర్ తవ్వకుండా పగులు ఎలా కనిపెట్టేవాడు?

ఇటుకపని

సీవర్లు సరిగా ఉంచడం లేదన్న ఫిర్యాదుకి 1875 చట్టం చూపిన దారి సెక్షన్ 299. లండన్‌లోని లోకల్ గవర్నమెంట్ బోర్డుకి రాయాలి. ఇది ఊరి బోర్డు కాదు, కేంద్ర ప్రభుత్వ శాఖ. బోర్డు విచారణ జరిపి, తప్పు నిజమైతే గడువు పెట్టి ఉత్తర్వు ఇస్తుంది. అప్పటికీ చేయకపోతే హైకోర్టు ద్వారా మాండమస్ (విధి నిర్వర్తించమని ఆదేశించే ఉత్తర్వు), లేదా బోర్డే ఇంకొకరిని నియమించి పని చేయించి ఖర్చు కౌన్సిల్ మీద వేయడం. తగినన్ని సీవర్లు కట్టలేదని పౌరుడు నేరుగా దావా వేయలేడు, 299 ఒక్కటే మార్గం అని ఓస్వాల్డ్‌ట్విసిల్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది 1898లో. మీ కథ 1895 కాబట్టి వకీలు ఆశ పెట్టవచ్చు. కానీ అతని నోట ఆ తీర్పు రానివ్వకండి.

పగులు కనిపెట్టడానికి పెప్పర్‌మింట్ పరీక్ష ఉండేది. ఒకటి రెండు ఔన్సుల పెప్పర్‌మింట్ నూనె గొట్టం పై కొసలో పోసి, వెంటనే బకెట్టెడు వేడినీళ్లు పోస్తారు. ఇంట్లో తలుపులు మూసుకుని ఇంకొకడు వాసన చూస్తూ ఉంటాడు. నూనె పోసినవాడు పరీక్ష అయ్యేదాకా ఇంట్లో అడుగు పెట్టకూడదు. బట్టలకీ చేతులకీ పట్టిన వాసన లోపలికొస్తే పరీక్ష చెడినట్టే. సీసా కూడా ఇంట్లో తెరవకూడదు. వాసన వంటగది నేల పగుళ్లలోంచి వస్తే గొట్టం ఇంటి కిందే కారుతోందని అర్థం. పొగ పరీక్ష కూడా ఉండేది. పొగ కంటికి కనిపిస్తుంది కనుక సాక్ష్యానికి అదే గట్టిది.

గొట్టం ఎందుకు పాడైందో కూడా రాయండి, కథకి బలం వస్తుంది. అప్పటివి మెరుపు పూత వేసిన మట్టి గొట్టాలు. ఒకదాని మూతిలో ఇంకొకటి దూర్చి సందుని సిమెంటుతో పూడ్చాలి. చవగ్గా పని చేసేవాడు వట్టి బంకమట్టి పెట్టేవాడు, నీళ్లు దాన్ని కడిగేస్తాయి. సిమెంటు పెట్టినా, లోపలికి పొడుచుకొచ్చిన ముద్దని గీకి తీయకపోతే అక్కడే చెత్త ఆగుతుంది. గొట్టాన్ని దాని పొడవునా నేల మోయాలి. మూతుల కింద గుంటలు తవ్వకుండా పరిస్తే బరువంతా మూతుల మీదే పడి విరుగుతుంది. వాలు కూడా చూడాలి: నాలుగంగుళాల గొట్టానికి 40 అడుగులకి ఒక అడుగు, ఆరంగుళాలదానికి 60కి ఒకటి. మీ వరసకి ఆరంగుళాలది, వాలు తక్కువగా వేశారని రాస్తే చాలు.

మరో మాట. లంకాషైర్ మిల్లు పట్టణాల్లో అప్పటికి చాలా కార్మికుల ఇళ్లలో శుభ్రమైన నీళ్లతో పారే మరుగుదొడ్డి లేదు. పెరట్లో బకెట్ దొడ్డో, బూడిదగుంట దొడ్డో, లేదా వంటింటి వాడిన నీళ్లు తొట్టిలో నిండి ఒక్కసారిగా ఒరిగి కడిగే రకమో ఉండేది. మీ గొట్టంలో మలం పారాలంటే ఈ మూడో రకం పెట్టాలి. బకెట్ దొడ్డి పెడితే గొట్టంలోకి వెళ్లేది ముఖ్యంగా వంటింటి నీళ్లూ వాననీళ్లే. అప్పుడు ఆరోగ్యాధికారి టైఫాయిడ్‌కి కారణంగా గొట్టాన్ని కాక ముందు తాగునీటిని, పాలని, ఆ బకెట్‌నే అనుమానిస్తాడు.