జ్ఞాపకాల పత్రాలకు తేదీ ఎలా వేయాలి?

క్రిస్టియన్ సైన్స్ అనే క్రైస్తవ మతశాఖ స్థాపకురాలు మేరీ బేకర్ ఎడ్డీ (1821–1910) నివసించిన పాత ఇళ్లను కొని కాపాడిన దాత మేరీ బీచర్ లాంగ్‌యియర్. ఎడ్డీని ఎరిగినవాళ్ల జ్ఞాపకాలనూ ఆవిడ రాయించి సేకరించారు. ఇళ్లకన్నా ఆ కాగితాలే విలువైనవని నా అభిప్రాయం. వాటికి ఎక్సెల్‌లో తెలుగు పట్టిక తయారవుతోంది.

చిక్కంతా తేదీ దగ్గరే. 1866లో ఎడ్డీ అమెరికాలోని లిన్ ఊళ్లో మంచు మీద జారిపడ్డారు. ఆ సంగతి ఎవరైనా 1910 తర్వాత చెప్పినా, తేదీ గడి ఒకటే ఉంటే అందులో 1866 అనే పడుతుంది. వరుస పెట్టగానే అది అప్పటి ఉత్తరాల పక్కన చేరి ఆనాటి సాక్ష్యంలా కనిపిస్తుంది. అందుకే ‘జరిగింది’, ‘చెప్పింది’ అని రెండు గడులు పెట్టాం. చెప్పిన ఏడాది తెలియనప్పుడు ‘1931 లోపు’ (లాంగ్‌యియర్ మరణించిన ఏడాది) అని రాస్తే, ఎక్సెల్ దాన్ని అంకెగా కాక మాటగా లెక్కేయడంతో, వరుస పెట్టినప్పుడు అంకెలన్నీ అయ్యాక అట్టడుగుకు పోతోంది. మొదలు, చివర ఏళ్లకు వేర్వేరు గడులు పెట్టాలా? కళ్లారా చూసినవారు, విన్నవారు అనే తేడా ఎక్కడ చూపాలి? ఆర్కైవ్స్ పని తెలిసినవారు దయచేసి చెప్పండి.