సద్దుల బతుకమ్మ నాడు రాత్రి పది దాటాక డీజే ఆపించాను, తప్పెక్కడుంది?

వార్డు కౌన్సిలర్:
బతుకమ్మ చివరి రోజు, సద్దుల నాడు, మా వార్డు మైదానంలో యూత్ అసోసియేషన్ వాళ్ళు నిలువెత్తు డీజే బాక్సులు పెట్టారు. ఆ మోతలో, పాట చెప్పే పెద్దమ్మ గొంతు పక్కన చప్పట్లు కొడుతున్న ఆడవాళ్ళకే అందలేదు. రెండు పాటలు ఎత్తుకుంది, మధ్యలోనే వదిలేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, తన బతుకమ్మను అక్కడే ఉంచి అరుగు మీద కూర్చుంది. రాత్రి పది దాటాక మైకు మోగకూడదని రూలుంది, ఆపమంటే ఎవరూ వినలేదు. ఎస్సైకి ఫోన్ చేస్తే వచ్చి ఆపించారు. తెల్లారేసరికి "కౌన్సిలర్ పండుగ చెడగొట్టింది" అని వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. నేను చేసినదాంట్లో తప్పెక్కడుందో చెప్పండి.

యూత్ కమిటీ సభ్యుడు:
మేడమ్, రూల్ సగమే చెప్తున్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో పండుగలకు మినహాయింపు ఉంది. ఏడాదికి 15 రోజులు మించకుండా, రాత్రి 12 దాకా మైకులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. 2014 నుంచి బతుకమ్మ మన రాష్ట్ర పండుగ. దానికి కాకపోతే ఆ మినహాయింపు ఇంక దేనికి?

రిటైర్డ్ సార్:
"ఇవ్వొచ్చు" అని ఉంది బాబూ, ఇచ్చినట్టు కాదు. ఉత్తర్వు ఉందా? మీ కమిటీ పర్మిషన్ కాగితం తీసుకుందా? మా ఇల్లు మైదానం ఎదురుగానే. బైపాస్ ఆపరేషన్ అయిన మనిషి ఇంట్లో ఉంది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. తలుపు కొట్టి చెప్పిన వాళ్ళు ఒక్కరు లేరు.

యూత్ కమిటీ సభ్యుడు:
సార్, మీరు వినాయక చవితికీ ఇదే అన్నారు. మైకు ఆపించే అధికారం కలెక్టర్‌దో, పోలీస్ కమిషనర్‌దో, డీఎస్పీకి తగ్గని అధికారిదో. కౌన్సిలర్‌కు ఆ రూల్‌లో చోటే లేదు. మరి మేడమ్ ఏ హోదాలో ఆపించినట్టు?

రిటైర్డ్ సార్:
ఆమె ఆపలేదు, ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు చేయడానికి హోదా ఎందుకు? నేనూ చేయొచ్చు. పర్మిషన్ కాగితం సంగతి అడిగాను, జవాబు రాలేదు.

గునుగుపూలు:
రాత్రి పది రూలు పక్కన పెట్టండి. ఏడింటికి కూడా ఆ మోత అంతే కదా?

యూత్ కమిటీ సభ్యుడు:
పర్మిషన్ నోటితో అడిగాం, ఏళ్ళుగా అలాగే నడుస్తోంది. చందాలకు ఇల్లిల్లూ తిరిగింది మేము. గడ్డి కోయించింది, టెంట్ వేయించింది మేము. తెల్లవార్లూ నిలబడి కుర్చీలు సర్దింది మేము. మేడమ్ వచ్చింది ఎనిమిదింటికి, పది దాటగానే పోలీసులు వచ్చారు. పోయిన ఏడాది స్టేజీ మీద మీ కుటుంబానికి శాలువా కప్పి గౌరవించాం కదా, అప్పుడు డీజే చప్పుడు అడ్డం రాలేదా?

వార్డు కౌన్సిలర్:
శాలువా ఎవరికి కప్పారు తమ్ముడూ? మా ఆయనకు. ఓట్లు నాకు పడ్డాయి, ప్రమాణం నేను చేశాను. మైకులో "మన కౌన్సిలర్ గారు" అని పిలిచి ఆయన్ను స్టేజీ ఎక్కించారు. నేను నెత్తిన బతుకమ్మతో కింద నిలబడ్డాను. ఫ్లెక్సీలో కూడా ఆయన ఫొటో మధ్యలో, నాది మూలన. మున్సిపాలిటీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకని 2019 చట్టంలో రాశారు. మన వార్డులో మాత్రం నాతో ఏం పనున్నా ఫోన్ ఆయనకే పోతుంది. నేను సొంతంగా ఒక్క మాట చెప్పేసరికి "హోదా ఏంటి" అని అడుగుతున్నారు. మా ఆయన చెప్పి ఉంటే ఎస్సై దాకా పోయేదా? మీరే వెంటనే ఆపేవాళ్ళు.

గునుగుపూలు:
అక్కా, అసలు మాట ఇప్పుడు అన్నారు.

కొత్త కోడలు:
నాదొక మాట. డీజే ఉంటేనే మాలాంటి వాళ్ళు ఆడేది. మా పుట్టింటి వైపు బతుకమ్మ లేదు, నాకు ఆ పాటలు రావు. పెద్దవాళ్ళ గుంపులో నిలబడితే "ఉయ్యాలో" దగ్గర తప్ప నోరు పెగలదు. ఒకామె అందరి ముందే "ఈ మాత్రం రాదా" అంది. బాక్సుల దగ్గర ఎవరూ ఏమీ అనరు. కౌన్సిలర్ గారు ఆపించేముందు మా వైపు చూడనే లేదు.

వార్డు కౌన్సిలర్:
నీకు పాట రాకపోతే నేర్పే బాధ్యత మాది చెల్లీ, ఆ మాట అన్నామెను నేను సమర్థించను. కానీ పాట వచ్చిన ఆమె నోరు మూయించి నీకు చోటివ్వడం ఎలా సరి అవుతుంది? బాక్సులు మైదానం అవతలి కొసన పెట్టమని సాయంత్రమే అడిగాను. స్టేజీ దగ్గరే ఉండాలన్నారు.

యూత్ కమిటీ సభ్యుడు:
మా ఇంటి ఆడవాళ్ళు డీజే కావాలన్నారు. నేను నా కోసం పెట్టలేదు.

గునుగుపూలు:
కమిటీలో ఎంతమంది ఆడవాళ్ళున్నారు తమ్ముడూ?

యూత్ కమిటీ సభ్యుడు:
ఎవరూ లేరు. రాత్రుళ్ళు టెంట్ల దగ్గర పడుకునే పని వాళ్ళు చేస్తారా? చందా ఇంటి పేరున వస్తుంది, ఇచ్చేది మగవాళ్ళు. అసోసియేషన్ మొదటి నుంచి ఇలాగే ఉంది.

చెరువుగట్టు:
మీ అందరికీ మైదానమే కనపడుతోంది. సద్దుల రోజు బతుకమ్మను చెరువు దాకా తీసుకుపోవాలా వద్దా? గట్టు మీద రెండు స్తంభాలకు బల్బులు లేవు. మెట్ల మీద నాచు. మా అత్త జారితే బతుకమ్మ చేతిలోంచి పడి, తంగేడు పూలన్నీ బురదలో కలిసిపోయాయి. ఆ లైట్ల కోసం మా వీధి ఆడవాళ్ళం పండుగకు ముందే అర్జీ ఇచ్చాం. మాది గట్టు కింది వీధి, చందాకు మా దగ్గరికి ఎవరూ రారు కాబట్టి మా పేర్లు ఏ కమిటీలోనూ ఉండవు. కౌన్సిలర్ గారూ, డీజే కోసం ఎస్సైకి ఫోన్ చేశారు. మా లైట్ల కోసం ఎవరికి చేశారు?

వార్డు కౌన్సిలర్:
మీ అర్జీ మున్సిపల్ ఆఫీసులో ఇచ్చాను, రెండుసార్లు గుర్తు చేశాను. సామాన్లు రాలేదన్నారు. కౌన్సిలర్ చేతిలో బిల్లు మీద సంతకం పెట్టే అధికారం ఉండదమ్మా, అడిగే అధికారమే ఉంటుంది.

చెరువుగట్టు:
ఎస్సైని కూడా అడిగారంతే కదా. అరగంటలో వచ్చాడు.

రిటైర్డ్ సార్:
లైట్ల విషయం వేరే. ఇక్కడ ప్రశ్న పది గంటల రూలు. పర్మిషన్ కాగితం ఇంకా ఎవరూ చూపించలేదు.

చెరువుగట్టు:
వేరే ఎలా అవుతుంది సార్? బాక్సుల నుంచి చెరువు మెట్ల దాకా పండుగ ఒక్కటే. వచ్చే ఏడు ఆరో రోజు, అలిగిన బతుకమ్మ నాడు, ఎవరూ ఆడరు, ఆడవాళ్ళకు సాయంత్రం ఖాళీ. అన్ని వీధుల ఆడవాళ్ళనూ ఆ రోజు కూర్చోబెట్టండి. డీజే ఎక్కడ, ఎప్పటిదాకా, లైట్లు ఎక్కడ అన్నీ అక్కడే తేలుద్దాం. చందా మా వీధిలో కూడా అడగండి, ఇస్తాం.

యూత్ కమిటీ సభ్యుడు:
ఆరో రోజుకు డీజే అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటాం. కుదరదు.

వార్డు కౌన్సిలర్:
అయితే పండుగ మొదలయ్యే ఎంగిలిపూల అమావాస్యకు ముందే పిలుస్తాను. గట్టు కింది వీధిలోనే పెడదాం. కమిటీ వాళ్ళు కూడా రండి, మా ఆయన రాడు.