సమస్య: "మచ్చ పడిన వేలు మాన్యమయ్యె"

నిర్వాహకుడు (సత్యనారాయణపురం, విజయవాడ): ఆటవెలది నాల్గవ పాదమిది. మచ్చ పడితే పరువు పోవాలి గాని మాన్యత ఎలా వస్తుందన్నదే చిక్కు. ఎడమచేతి చూపుడువేలిపై పెట్టే సిరాచుక్కను తలచుకుంటే దారి దొరుకుతుంది. పార్టీల ఊసు వద్దని మనవి.

బ్రాడీపేట మాస్టారి పూరణ:

పేద ధనికులనెడి భేదమ్ము లెంచక
యోటు దక్కె మనకు నొక్కరీతి
వ్రాసి యిచ్చినట్టి రాజ్యాంగబలమున
మచ్చ పడిన వేలు మాన్యమయ్యె

నిర్వాహకుడు: మాస్టారూ, భావం గట్టిది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారికే ఓటుండేది కనుక, రాజ్యాంగం 326వ అధికరణం వయోజనులందరికీ ఓటిచ్చిందన్న మాట మీ మొదటి పాదానికి బలమిస్తుంది. అయితే ఎంచనిది రాజ్యాంగం, దక్కినది ఓటు; కర్తలు వేరైనందున అన్వయం కుంటుపడింది. "భేదమ్ము లేకుండ" అని సవరిద్దామంటే ద్రుతం (చివర చేరే నకారం) వచ్చి తరువాతి పాదం "నోటు దక్కె" అవుతుంది! ఎన్నికలవేళ ఆ అర్థం మనకెందుకు? "భేదమ్ము లేకయె" అనండి.

మాస్టారు: సవరణ శిరోధార్యం. ఆ "నోటు" మాత్రం నన్ను చాలాసేపు నవ్వించింది.

మంగళగిరి సోదరి పూరణ:

నోటు పంచువాని నూకి వీధికి నంపి
యెండ కోర్చి నిలిచి యెంతసేపొ
మీట నొక్కి వచ్చు మిరపకాయల కూలి
మచ్చ పడిన వేలు మాన్యమయ్యె

నిర్వాహకుడు: అమ్మా, 2024 మే 13న పోలింగునాడు మన ఎండలో వరుసలో నిలిచినవారికి రెండవ పాదం వివరించనక్కరలేదు. క్రియలన్నీ ఒకే కర్తను పట్టుకొని నడిచాయి. ఒక్క సందేహం: "కూలి" అంటే వేతనమనే అర్థమూ ఉంది, డబ్బు కాదన్న మనిషిని చెప్పే పద్యంలో ఆ శ్లేష ఎదురుతిరుగుతుంది.

సోదరి: "కూలీ" అంటే గణం చెడుతుందండీ. మా వైపు మనిషినీ "కూలి" అనే అంటాం, అలాగే ఉంచనివ్వండి.

గవర్నరుపేట సభ్యుని పూరణ:

జాబితాను పేరు సరిచూచుకొనకుండఁ
బోయి తిరిగి వచ్చు బుద్ధిశాలి
తెల్లవేలు చూచి తెల్లబోయెను గాని
మచ్చ పడిన వేలు మాన్యమయ్యె

నిర్వాహకుడు: ఈ వారం నాకు అన్నిటికంటె నచ్చినది ఇదే. మచ్చ లేకపోవడమే అవమానమని సమస్యను తలకిందులు చేశారు. జకార సకారాలకు యతి కూడ చక్కగా కుదిరింది. ఇంతకీ ఆ బుద్ధిశాలి ఎవరు?

సభ్యుడు: నేనేనండీ. ఓటరు కార్డు జేబులో ఉంటే చాలుననుకున్నాను. జాబితాలో పేరు లేనివారికి కార్డు ఉన్నా ఓటు ఉండదని వరుస చివరిదాకా వెళ్ళాక తెలిసింది. మరుసటి వారమే జాబితాలో పేరు చేర్చమని కోరే ఫారం 6 నింపాను.