ఇంగ్లీషులో ఆల్దో (although) తర్వాత యెట్ (yet) రావచ్చా? పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మా వీధిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీష్ చెబుతున్నాను. కంజంక్షన్ల (వాక్యాలను కలిపే పదాల) దగ్గర ఒకచోట ఆగిపోయాం, తెలిసినవాళ్ళు సాయం చేయండి.

"ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వి వెంట్ టు స్కూల్" అని చాలామంది రాస్తున్నారు. బట్ రెండు సమానమైన వాక్యాలను కలుపుతుంది, ఆల్దో ఉన్న భాగం మాత్రం రెండోదాని మీద ఆధారపడుతుంది, అందుకే రెండిట్లో ఒకటే ఉంచాలని చెప్పాను. అంతవరకు బాగానే అర్థమైంది. కానీ ఒకమ్మాయి ఇంట్లో ఉన్న పాత గ్రామర్ పుస్తకం తెచ్చి, ఆల్దో తర్వాత యెట్ వాడిన వాక్యం చూపించింది. చాలా మంచి ప్రశ్న! పాత ఇంగ్లీషులో అలా రాయడం మామూలే, ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. మరి యెట్‌కి కుదిరింది బట్‌కి ఎందుకు కుదరదు?

యెట్ అక్కడ కంజంక్షన్ కాదు, "అయినా సరే" అనే అర్థంలో యాడ్‌వెర్బ్‌గా పనిచేస్తుందని నా ఆలోచన. ఇది సరేనా? సరే అయితే ఆ వయసు పిల్లలకు ఏ ఉదాహరణలతో చెబితే ఎక్కుతుంది? పరీక్షకు ఆల్దో ఒక్కటే రాయండి అని దాటేయడం నాకు ఇష్టం లేదు.

అలాగే డిస్పైట్ (despite) తర్వాత నౌన్ గానీ ఐఎన్‌జీ రూపం గానీ రావాలి కదా. వీళ్ళు "డిస్పైట్ ఇట్ వాజ్ రెయినింగ్" అనేస్తున్నారు. దీనికి మంచి ఎక్సర్‌సైజులు ఉంటే చెప్పండి. ఇంగ్లీష్ టీచర్లు ఎవరైనా ఉంటే, మీరు క్లాసులో చెప్పే పద్ధతి రాయండి ప్లీజ్.