మార్క్స్ జనరేటర్, హెచ్‌వీ చార్జర్ ప్రాజెక్టుకు టీడీఎఫ్ మేలా, ఐడెక్స్ మేలా?

చర్లపల్లి_హెచ్‌వీ:
హై పవర్ మైక్రోవేవ్ ప్రయోగాలకు 10 స్టేజీల మార్క్స్ జనరేటర్ (కెపాసిటర్లను సమాంతరంగా చార్జ్ చేసి, వరుసగా కలిపి పెద్ద వోల్టేజ్ పల్స్ ఇచ్చే పరికరం), దానికి 50 కేవీ చార్జింగ్ సప్లై ప్రతిపాదన రాస్తున్నాం. స్టేజీకి 0.1 మైక్రోఫారడ్, సెకనుకు 10 షాట్లు. ఎంఎస్ఎంఈకి ఏ పథకం నయం? చార్జర్ 12.5 కిలోవాట్లకు లెక్క వేశాం, చాలుతుందా?

నిధుల_లెక్క:
ల్యాబ్ అడిగిన పరికరమైతే డీఆర్‌డీఓ వారి టీడీఎఫ్ (టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్). ప్రాజెక్టుకు 50 కోట్ల దాకా (2022కు ముందు 10 కోట్లే), వ్యయంలో 90 శాతం వరకు ఇస్తారు. మేధోహక్కులు మాత్రం డీఆర్‌డీఓతో ఉమ్మడి. కాబట్టి మీ పాత డిజైన్లు, డ్రాయింగులు ఏవేవో ముందే జాబితా రాసి ప్రతిపాదనకు జతచేయండి. తర్వాత రాస్తే ఎవరూ ఒప్పుకోరు.
ఆలోచన మీదే అయితే ఐడెక్స్ (స్టార్టప్‌లకు, ఎంఎస్ఎంఈలకు రక్షణ శాఖ ఇచ్చే గ్రాంట్ల పథకం) ఓపెన్ ఛాలెంజ్ చూడండి. మామూలు గ్రాంటు 1.5 కోట్ల దాకా, అందులోని ప్రైమ్ విభాగంలో 10 కోట్లు, అదితి విభాగంలో 25 కోట్లు. మీ వాటా కూడా పెట్టాలి, అది ఎక్కడి నుంచి తెస్తారో ముందే తేల్చుకోండి.

పల్స్_పవర్:
12.5 చాలదండీ. ఒక్కో స్టేజీలో 125 జౌల్స్, మొత్తం 1250. పదిసార్లంటే సగటు 12.5 కిలోవాట్లు, అంతవరకు నిజమే. కానీ షాట్ పడ్డాక స్పార్క్ గ్యాప్ (నిప్పురవ్వతో మూసుకునే స్విచ్) కోలుకోవాలి, ఆ కాసేపు చార్జింగ్ ఆపాలి. షాట్‌కూ షాట్‌కూ మధ్య 100 మిల్లీసెకన్లలో చార్జింగ్‌కు దక్కేది 80 అనుకుంటే 15.6 కిలోజౌల్స్/సెకను కావాలి. నష్టాలు కలిపి 20 రాయండి. గ్యాప్ కోలుకోకముందే వోల్టేజ్ ఎక్కితే ముందే పేలుతుంది, షాట్ టైమింగ్ చెడుతుంది.
ఇంకొకటి, రివర్సల్. లోడ్ సరిగా మ్యాచ్ కాకపోతే వోల్టేజ్ వెనక్కి తిరిగి చార్జర్ అవుట్‌పుట్ డయోడ్లను తినేస్తుంది, కెపాసిటర్ ఆయుష్షూ బాగా పడిపోతుంది. సిరీస్ రెసిస్టర్, ప్రొటెక్షన్ డయోడ్ స్టాక్ బడ్జెట్‌లో వేయండి. కెపాసిటర్ డేటాషీట్‌లో ఎంత శాతం రివర్సల్‌కు ఆయుష్షు చెప్పారో చూడకుండా ఆర్డర్ పెట్టొద్దు. దిగుమతైతే ఎండ్ యూజర్ సర్టిఫికెట్‌కు (సరుకు ఎవరు, దేనికి వాడతారో చెప్పే పత్రం) నెలలు పట్టవచ్చు. మొదటి మైల్‌స్టోన్‌లోనే ఆర్డర్ వెళ్లాలి.

నిధుల_లెక్క:
అవును, మైల్‌స్టోన్ మీదే డబ్బు. "డిజైన్ పూర్తి" అని రాస్తే పూర్తయిందా లేదా అని వాదనే మిగులుతుంది. "డమ్మీ లోడ్‌పై 50 కేవీ, 10 హెర్ట్జ్, గంటసేపు, ఇన్ని మిస్‌ఫైర్లకు మించకుండా" అని రాస్తే కొలిచి చూపించి బిల్లు పెట్టవచ్చు.

కొలత_మనిషి:
ఆ కొలతకే చాలామంది డబ్బు వేయరు. 1.2/50 మైక్రోసెకన్ల ఇంపల్స్‌కు చేసిన డివైడర్ (వోల్టేజ్‌ను తగ్గించి కొలతకు ఇచ్చేది) 20 నానోసెకన్ల అంచును పట్టదు. ఆ అంచుకే 17.5 మెగాహెర్ట్జ్ పైన బ్యాండ్‌విడ్త్ కావాలి, దానికి అయిదు రెట్లు ఉంటే నమ్మవచ్చు. హైదరాబాద్‌లోని సీపీఆర్ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) అల్ట్రా హై వోల్టేజ్ ల్యాబ్‌లో ఏ పరీక్షలు కుదురుతాయో ముందే అడిగి స్లాటు పెట్టుకోండి. నానోసెకన్ల డివైడర్, దాని కాలిబ్రేషన్‌లను మాత్రం విడి పద్దుగా చూపండి.

చర్లపల్లి_హెచ్‌వీ:
లోడ్‌గా ఎలక్ట్రాన్ బీమ్ డయోడ్ పెడితే?

పల్స్_పవర్:
ఎక్స్-రే వస్తుంది. సీసం షీల్డింగ్, డోసిమీటర్లు, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) అనుమతి, మూడూ షెడ్యూల్‌లో ఉండాలి. ప్రతి స్టేజీకీ విడిగా బ్లీడర్ (మిగిలిన చార్జ్‌ను ఖాళీ చేసే రెసిస్టర్) పెట్టండి. 100 మెగాఓమ్‌లైతే 50 సెకన్ల తర్వాత కూడా స్టేజీకి 340 వోల్టుల వరకు మిగులుతుంది. షార్ట్ చేసి తీసేసినా డైఎలక్ట్రిక్‌లో దాగిన చార్జ్ మళ్లీ పైకొస్తుంది. అందుకే పని ముగిసేదాకా గ్రౌండింగ్ రాడ్ టెర్మినల్‌కే తగిలించి ఉంచాలి.