అప్‌డేట్: తెల్ల పూత పగలడం ఆగింది, జోకర్ ముఖమూ పోయింది

గత నెల ఇక్కడ నా గోడు వెళ్లబోసుకున్నాను. 1920ల నాటి బెర్లిన్ క్యాబరే నేపథ్యంలో మేము వేసే నాటిక కోసం ముఖానికి ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రంలా (భావోద్వేగం కోసం ఆకారాలను, రంగులను వంకరగా, అతిగా చూపే శైలి) రంగులు వేసుకుంటే, అరగంటకే నోటి చుట్టూ తెల్ల పూత పగిలేది, నల్ల గీతలు కారేవి. పైగా చూసినవాళ్లంతా సర్కస్ జోకర్ అనేవారు. మొన్న శనివారం ప్రదర్శన అయిపోయింది. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

రంగస్థల మేకప్ చేసే ఒకావిడకు చూపించాను. నూనె ఆధారిత తెల్ల రంగును గోడకు సున్నం కొట్టినట్టు పూస్తున్నానని నవ్వారు. స్పాంజితో అద్దుతూ పలుచగా ఒకే పొర వేయాలి. దానిపై రంగులేని పౌడరు ఒత్తి, కాసేపు ఆగి, మిగిలిన పొడిని బ్రష్షుతో దులపాలి. నీటితో కలిపే నల్ల రంగు ఆ తరువాతే. జిడ్డు మీద అది నిలవదు కదా! పౌడరు సంగతి ఇక్కడ ముగ్గురు ముందే చెప్పారు, నేనే వినలేదు. రంగు కంటే ముందు పూసే ఖరీదైన ప్రైమర్‌కు, చివర్లో కొట్టే స్ప్రేకు దీనితో సంబంధమే లేదు.

జోకర్ పోలికకు కారణం మాత్రం రెండు వైపులా ఒకేలా గీయడం. జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారుడు కిర్ష్నర్ 1914లో వేసిన ‘పోట్స్‌డామర్ ప్లాట్స్’ చిత్రం చూడమన్నవారి సలహా పనిచేసింది. ఒక చెంపకు పదునైన ఆకుపచ్చ నీడ వేశాను, రెండోది వదిలేశాను. ఒక కనుబొమ్మను కణత దాకా లాగాను. పెదవుల ఎరుపు మాత్రం మరో జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్ 1925లో చిత్రించిన నర్తకి అనీటా బెర్బర్ నుంచి తెచ్చుకున్నాను. అప్పటికి డిక్స్‌ది ఎక్స్‌ప్రెషనిజం కాదని వాదించేవారు వాదించవచ్చు. రెండు గంటలు దీపాల వేడిలో గీత చెదరలేదు.