అప్‌డేట్: చెన్నై దగ్గర సముద్రం ఒడ్డున ప్రశాంతమైన విడిది దొరికింది

పెద్దవాళ్లయిన అమ్మానాన్నలతో వెళ్లడానికి చెన్నైకి దగ్గరలో, రద్దీ లేని సముద్రతీర విడిది చెప్పమని అడిగాను కదా. మహాబలిపురం దగ్గర ఆగకుండా ఇంకా దక్షిణానికి వెళ్లమన్న వారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

కడపాక్కం దగ్గర సరుగుడు తోపులో చిన్న ఇల్లు తీసుకున్నాం. రాత్రంతా అలల హోరే. దగ్గరలోనే ఆలంపరై కోట. 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చిన ఆ కోటను 1760లో ఆంగ్లేయులు గెలిచి పడగొట్టారు. మిగిలిన ఇటుక గోడల నీడలో, ఉప్పుటేరు వైపు చూస్తూ కూర్చున్న నాన్న ఎంత పిలిచినా లేవలేదు. ఇంతటి చోటుకు ఇంత తక్కువమంది రావడం నాకు బాధగానే అనిపించింది. తాగునీరు తప్పక వెంట తీసుకెళ్లండి.

తిరుగు ప్రయాణంలో వేడంతాంగల్ పక్షుల రక్షిత కేంద్రం చూశాం. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు కాబట్టి అక్కడి రైతులు తరతరాలుగా పక్షులను కాపాడుకుంటున్నారు. మన నేలపట్టు పక్షుల కేంద్రంలో కనిపించే గూడబాతులే (పెలికాన్లే) అక్కడా ఉన్నాయని అమ్మ ఎంత సంబరపడిందో! నవంబరు, మార్చి నెలల మధ్య వెళ్లండి.

భోజనం సంగతి అడిగినవారికి: విడిదిలోనే వండిపెడతారు, ముందురోజు చెప్పాలి. కారం తక్కువ వేయమంటే వేస్తారు.